సబ్‌వూఫర్ కుదరని గది

ఆ నల్ల డబ్బా ఇంటికి వచ్చిన రోజు నుంచీ మా ఆయనకూ నాకూ పడలేదు. ఆయనకు అది మోత. నాకు అది చాలదు. ఒకే గదిలో, ఒకే దివాన్ మీద పక్కపక్కన కూర్చుని ఒకే పాట వింటూ ఇద్దరం రెండు రకాలుగా చెప్పేవాళ్లం. ఇందులో వింతేముందిలే అనుకున్నాను. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఫ్యాను స్పీడు దాకా మా ఇద్దరికీ ఏనాడు కుదిరింది కనుక.

మాది ఉప్పుగూడ. రైల్వే స్టేషన్‌కు ఇవతల, రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న పాత ఇల్లు. అమ్మ కాపురానికి వచ్చింది ఈ ఇంటికే. నాన్న పోయాక అమ్మ ఒక్కతీ ఎలా ఉంటుందని, మా ఆయన పనిచేసే కంచన్‌బాగ్ కార్ఖానా కూడా ఇక్కడికి దగ్గరేనని, మేమే వచ్చి ఆమె దగ్గర చేరాం. నేను జల్‌పల్లిలో సర్కారు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతాను. అమ్మకు చెవులు వినబడవు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. మా ఇంట్లో సగం మాటలు చేతులతోనే నడుస్తాయి, మిగతా సగం అరుపులతో నడుస్తాయి. అరిచేది మేము. అమ్మ మాత్రం ఎప్పుడూ మెల్లగానే మాట్లాడుతుంది. పక్కన కూర్చుంటే తప్ప ఆమె మాట చెవిన పడదు.

పక్కిల్లు ఖాలాది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, ఆమెను చిన్నప్పటి నుంచీ అలాగే పిలుస్తాను. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. మేకు మేం కొడితే సున్నం వాళ్ల వైపు రాలుతుంది. వాళ్లు గాజుల వ్యాపారం చేస్తారు. ఆ ఇంట్లో పెళ్లంటే వారం ముందు నుంచే ఆడవాళ్లు చేరి ఢోలక్ పాటలు పాడేవాళ్లు. చిన్నప్పుడు నేను వెళ్లి ఆ తివాచీ మీద అందరి మధ్యన దూరి కూర్చునేదాన్ని. ఒకామె ఢోలక్‌ను మోకాలి కింద పెట్టుకుని వాయించేది, ఇంకొకామె ఎదురుగా కూర్చుని చెంచాతో దాని చెక్క మీద కొట్టేది, మిగతావాళ్లు వియ్యపురాలిని తిట్టిపోసే పాటలు అందుకునేవాళ్లు. తిట్టించుకున్నావిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఢోలక్ కుడి వైపు టకటకమని గలగల్లాడుతుంది. ఎడమచేయి పడినప్పుడు మాత్రం ధుమ్మని తివాచీ కింద నుంచి వచ్చి కడుపులో తగులుతుంది. ఆ ధుమ్ కోసమే నేను వెళ్లేదాన్నని ఇప్పుడు అనిపిస్తుంది.

స్టీరియో నా కోరిక. బంగారం అడగలేదు, చీరలు అడగలేదు, ఇదొక్కటి నాకోసం కొనుక్కుంటానని ఇంట్లో చెప్పి కొనుక్కున్నాను. ఒక ఆంప్లిఫయర్, సీడీలు పెట్టుకునే ప్లేయర్, పుస్తకాల అరలో పట్టేంత చిన్న స్పీకర్లు ఒక జత. మొదటి రోజు సాయంత్రం ఢోలక్ పాటల సీడీ ఒకటి పెట్టి కూర్చున్నాను. చెంచా చెక్క మీద పడే చప్పుడు ఎంత చక్కగా వచ్చిందో చెప్పలేను. పాడేవాళ్ల చేతి గాజులు కూడా వినబడ్డాయి. కానీ ఎడమచేయి లేదు. ఆ వాయించే ఆమెకు ఒక చేయి కట్టేసినట్టు ఉంది పాట.

కోఠీలో దుకాణం అతనికి ఈ సంగతి చెబితే అతనేమీ ఆశ్చర్యపోలేదు. చిన్న డబ్బాలో శబ్దం పుట్టించే కోన్ కూడా చిన్నదే ఉంటుందని, అది అంత గాలిని తోయలేదని, కింది స్వరాలకు వేరే డబ్బా కావాలని చెప్పాడు. సబ్‌వూఫర్ అనే ఆ నల్ల డబ్బాను చూపించాడు. దాని వెనక రెండు నాబ్‌లు, ఒక స్విచ్. ఒక నాబ్ గొంతు పెంచడానికి. రెండోది, చిన్న స్పీకర్లు ఏ స్వరం దగ్గర చేతులెత్తేస్తాయో అక్కడి నుంచి ఈ డబ్బా అందుకోవడానికి. స్విచ్ ఏమిటంటే, చిన్న స్పీకర్లు గాలిని ముందుకు తోసినప్పుడు ఇది కూడా ముందుకే తోయాలి. అవి తోస్తుంటే ఇది లాగితే ఆ మధ్యలో శబ్దం చచ్చిపోతుంది. ఇవి మూడూ సరిగ్గా కుదిరినట్టు ఎలా తెలుస్తుందని అడిగాను.

"వూఫర్ ఉన్నదని తెల్వద్దు బాజీ. బంద్ చేస్తేనే తెల్వాలె," అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. బడిలో మంచి టీచరు కూడా అలాగే ఉండాలని నేను నమ్ముతాను. కానీ మా ఇంట్లో ఏమైందంటే, డబ్బా పెట్టాక నాకు అది ఉన్నదనే తెలియలేదు, బంద్ చేసినా తెలియలేదు. మా ఆయనకేమో అది ఉన్నదని వీధి మొదట్లోనే తెలిసేది.

మూలన పెట్టి చూశాం. మూలన పెడితే రెండు గోడలూ కలిసి బేస్‌ను, అంటే ఆ కింది స్వరాలను, పెంచుతాయట. ఆయన చెవులు మూసుకున్నాడు. స్పీకర్ల మధ్య పెట్టాం. కిటికీ కింద పెట్టాం. స్విచ్ అటు వేసీ ఇటు వేసీ ఎందులో నిండుగా ఉందో చెప్పమనేవాడు. నాకు రెండూ ఒకటే. కళ్లు మూసుకుని ఎంతో ఏకాగ్రతగా విన్నట్టు ముఖం పెట్టి, ఏదో ఒకటి చెప్పేదాన్ని. మళ్లీ అడిగితే ఇంకొకటి చెప్పేదాన్ని. ఆయన కార్ఖానాలో కొలిమి దగ్గర మీటర్లు చూసే మనిషి, కళ్లతో చూస్తే గానీ నమ్మడు. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ ఒకటి వేసుకుని, సన్నటి స్వరం నుంచి లావు స్వరం దాకా ఒక్కొక్కటీ పెట్టి, గీత గీసి చూపించాడు. గీతలో కింది స్వరాల దగ్గర పెద్ద గుట్ట లేచింది. పక్కన మిగతాదంతా బల్లపరుపుగా ఉంది.

"ఇగో చూడు. బేస్ గింత ఎక్కువున్నది. నీకు ఇంకేం గావాలె?" అన్నాడు.

ఫోన్ తప్పు అన్నాను. నూటికి నూరుపాళ్లు నమ్మే అన్నాను. ఫోన్ ఏదో అమ్మాయిల సెల్ఫీల కోసం చేసింది, దానికి సంగీతం ఏం తెలుసు అని కూడా అన్నాను. ఆయన ఇక విసిగిపోయి, నీ డబ్బా నీ ఇష్టం అని లేచి వెళ్లాడు. నేను నాబ్‌ను ఇంకాస్త తిప్పాను. వంటింట్లో అల్మారాలో స్టీలు పళ్లాలు గలగలమన్నాయి, గోడ మీద నాన్న ఫొటో వణికింది. లోపలి గదిలోంచి అమ్మ వచ్చి గుమ్మం చెక్క మీద చేయి పెట్టి కాసేపు నిలబడి, డబ్బా వైపు చూసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వీడియోల్లో ఒక పద్ధతి చూశాను. మనం కూర్చునే చోట డబ్బాను కూర్చోబెట్టి, డబ్బా పెట్టాలనుకునే చోట్లలో మనం పాకుతూ తిరగాలి. ఎక్కడ బేస్ నిండుగా, సమంగా వినబడితే అక్కడ డబ్బా పెట్టాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం దివాన్ మీది పరుపు తీసేసి చెక్క మీద డబ్బాను పెట్టాం. నేను చీర కుచ్చిళ్లు దోపుకుని మోకాళ్ల మీద పాకడం మొదలుపెట్టాను. మా పాప నా వెనకాలే పాకుతూ ఒకటే నవ్వు. అమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, పోయింది ముక్కుపుల్లా లేక చెవిదిద్దా అని సైగ చేసింది. ఏం చెప్పమంటారు, బేస్ పోయిందని ఏ సైగతో చెప్పాలి? ఏం లేదని చేయి ఊపి ముందుకు పాకాను.

గది అంతా తిరిగాను. ఎక్కడా లేదు. మోకాళ్లు కొట్టుకుపోయి, ఖాలా వాళ్ల గోడ దగ్గరికి వచ్చేసరికి అలసిపోయి, దివాన్ పక్కనే నేల మీద చతికిలబడి గోడకు తల వాల్చాను. ధుమ్ వచ్చింది. ఎంతో కాలంగా ఎక్కడికో పోయిన ఎడమచేయి తిరిగి వచ్చి ఢోలక్ మీద పడింది. తివాచీ మీద కూర్చున్నప్పుడు ఎట్లా తగిలేదో అట్లాగే తగిలింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

దొరికిందని ఆయన్ను పిలిచాను. వచ్చి, నా పక్కన గొంతుక్కూర్చుని, తల అటూ ఇటూ తిప్పి విని, ఇక్కడ ఇంకా అధ్వానంగా ఉంది, ఉత్త బూం బూం అన్నాడు. ఆయన గోడకు తల ఆనించలేదు. నేను ఆనించానన్న సంగతి అప్పుడు నాకే తట్టలేదు. అది నేను కనిపెట్టిన చోటు అనుకున్నాను. సరే నీ ఖర్మ అని, ఆయనే డబ్బాను తెచ్చి ఆ గోడకు ఆనించి పెట్టి, దివాన్‌ను ఎదురు గోడకు జరిపాడు. నేను డబ్బా పక్కన ఒక చాప పరుచుకున్నాను.

ఆ కొన్ని వారాలూ ఎంత సుఖంగా గడిచాయో. బడి నుంచి వచ్చి, చాయ్ తాగి, ఆ చాప మీద కూర్చుని గోడకు తల ఆనించి పాటలు వినేదాన్ని. సబ్‌వూఫర్ కుదిరిందని బడిలో తోటి టీచర్లకు కూడా చెప్పాను. వాళ్లకు అదేమిటో తెలియకపోయినా సంతోషించారు.

ఒక సాయంత్రం అలాగే కళ్లు మూసుకుని వింటున్నాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఖాలా నిలబడి ఉంది. చేతిలో మూత పెట్టిన గిన్నె. ఎప్పుడు పిలిచిందో, ఎప్పటి నుంచి నిలబడిందో. మోత గురించి అడగడానికి వచ్చిందనుకుని నాకు తల కొట్టేసినట్టయింది. గోడ అవతల ఆమె మంచం ఉంటుందని నాకు తెలుసు. లేచి డబ్బా తగ్గించబోయాను. వద్దని చేయి పట్టుకుంది. గిన్నె కింద పెట్టి, నా పక్కన మెల్లగా కూర్చుని, నా చెవి దగ్గరికి నోరు తెచ్చి గట్టిగా చెప్పింది.

"తేరీ అమ్మా భీ ఐసైచ్ బైఠ్తీ థీ, బేటీ. దీవార్‌కు సర్ లగాకే."

మీ అమ్మ కూడా ఇట్లాగే కూర్చునేది, గోడకు తల ఆనించి, అని. ఆ మాటల అర్థం బుర్రకెక్కే లోపే నన్ను ఇంకొకటి పట్టుకుంది. ఖాలా నాతో ఎప్పుడూ ఆ గొంతుతో మాట్లాడలేదు. చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కొక్క ముక్కా విడదీసి మాట్లాడే ఆ గొంతు ఆమె మా అమ్మ కోసం దాచిపెట్టుకున్నది.

ఆమె వెళ్లాక స్టీరియో బంద్ చేశాను. భయమేసింది. వంటింట్లోకి వెళ్లి చూస్తే అమ్మ పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆమె చెంప మీద వెంట్రుకలు, చెవి తమ్మెలు, అన్నీ నావే. ఇంతకాలం గమనించనివన్నీ వరసపెట్టి గుర్తొచ్చాయి. నా గొంతు వెనక బెంచీ దాకా రావడం లేదని హెడ్మాస్టరమ్మ అనడం. నోట్లో నోట్లో గొణక్కని మా ఆయన విసుక్కోవడం. చెవిటివాళ్లు గట్టిగా అరిచి మాట్లాడతారనే మనందరికీ తెలుసు. నేను అరవడం లేదు కదా, రోజురోజుకూ మెల్లగా మాట్లాడుతున్నాను కదా. పైగా పిల్లల లొల్లిలో అందరి మాటలూ నాకు చక్కగా వినబడేవి. నిశ్శబ్దంగా ఉన్న స్టాఫ్ రూమ్‌లోనే ఎవరేమంటున్నారో అందేది కాదు. వాళ్లు నా గురించి గుసగుసలాడుతున్నారని కూడా అనుకున్నాను.

అమ్మ చెవులు ఎలా పోయాయో మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను పుట్టినప్పుడు ఆమె బాలింత. బాలింతకు చలిగాలి తగలకూడదని చెవుల్లో దూది కుక్కి, మీద నుంచి గుడ్డ కట్టి కూర్చోబెట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఆ నెలల్లోనే ఖాలా వాళ్లింట్లో పెళ్లి వచ్చింది. ఢోలక్ పాటలు మొదలయ్యాయి. అమ్మకు ఆ పాటలంటే ప్రాణం. పాటలు వినడానికి చెవుల్లో దూది తీసేసిందని, గాలి దూరి చెవులు పోయాయని మా నాయనమ్మ చెప్పేది. చుట్టాలొస్తే చెప్పేది, అమ్మ ఏదైనా వినిపించుకోకపోతే చెప్పేది, నాకు అన్నం తినిపిస్తూ కథలా కూడా చెప్పేది. నాన్న కూడా కోపం వచ్చినప్పుడు అదే అనేవాడు. నేను ఆ కథ నమ్మే పెరిగాను. నమ్మకపోవడానికి నాకేం కనబడలేదు.

అందుకే పాప పుట్టినప్పుడు నా చెవుల్లో దూదిని ఒక్కనాడు కూడా వదల్లేదు. అమ్మే పొద్దున్నే వచ్చి కొత్త దూది ఉండలు చేసి పెట్టేది. గుడ్డ ముడి తనే వేసేది, మళ్లీ మళ్లీ తడిమి చూసుకునేది. స్నానం చేసిన కాసేపు తప్ప నా చెవులకు గాలి సోకనివ్వలేదు. మరి నాకెట్లా వచ్చింది? ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి నేను ఇదే ఆలోచించాను.

చెవుల డాక్టరమ్మ దగ్గరికి మా ఆయన తీసుకెళ్లాడు. ఆమె ట్యూనింగ్ ఫోర్క్ అనే ఉక్కు చీలికను తన మోకాలికి తట్టి, మోగుతుండగా నా చెవి ఎదుట పట్టుకుంది. సన్నగా ఉందన్నాను. తర్వాత దాని కాడను చెవి వెనక ఎముక మీద ఆనించింది. తలంతా మోగింది. ఎందులో గట్టిగా ఉందని అడిగితే, ఎముక మీద పెట్టినప్పుడే అన్నాను. మామూలుగా అయితే చెవి ఎదుట పట్టినప్పుడే గట్టిగా ఉండాలని చెప్పింది. నరం బాగానే ఉందట. చెవి లోపల బియ్యపు గింజకన్నా చిన్న ఎముక ఒకటి కదలాలి, అది చుట్టూ పెరిగి బిగుసుకుపోయిందట. గాలిలో వచ్చిన శబ్దం అక్కడ ఆగిపోతుంది, గోడ మీదుగా ఎముకలోకి వచ్చింది మాత్రం నేరుగా నరానికి చేరుతుంది. ముందుగా కింది స్వరాలే పోతాయని కూడా చెప్పింది. మా ఆయన జేబులోంచి ఫోన్ తీసి తన గీత చూపించబోయి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ నన్ను చూసి, మీరు మెల్లగా మాట్లాడతారు కదా అంది. మన గొంతు మన ఎముకల్లోంచి మనకే గట్టిగా వినబడుతుంది, అందుకని తగ్గించుకుంటాం. లొల్లిలో అందరూ గొంతు పెంచుతారు కాబట్టి అక్కడ బాగా వినబడుతుంది. తర్వాత, ఇది రక్తంలో వచ్చేదని, కాన్పులప్పుడు ముదరవచ్చని అంటారని చెప్పి, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. నేను అమ్మ సంగతి, దూది సంగతి అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"దూదికి దీనికి సంబంధం లేదమ్మా. పెట్టుకున్నా వచ్చేది, తీసినా వచ్చేది," అంది.

ఆపరేషన్ ఉంది, ముందు ఒక చెవికి చేద్దాం, చాలామందికి బాగవుతుంది, అరుదుగా ఆ చెవి మొత్తానికే పోవచ్చు అంది. ఆ అరుదు అన్న మాట దగ్గరే నేను చాలా రోజులు ఆగిపోయాను. ఉన్న సగం వినికిడితో పాప మాటలు వినబడుతున్నాయి, పాఠం చెప్పుకోగలుగుతున్నాను. అది కూడా పోతే? మా ఆయన ఏమీ ఒత్తిడి చేయలేదు. చివరికి ఒక రోజు పాప వెనక నుంచి వచ్చి ఏదో చెప్పి, నేను తిరగకపోయేసరికి, ముందుకు వచ్చి నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. చిన్నప్పుడు నేను అమ్మను అలాగే తిప్పుకునేదాన్ని. మర్నాడే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

కుడి చెవికి చేశారు. మత్తు చెవికి మాత్రమే ఇచ్చారు, నేను మెలకువగానే ఉన్నాను. చేస్తూ చేస్తూ డాక్టరమ్మ, వినబడుతోందా అని అడిగింది. నేను ఏడ్చాను. కదలొద్దమ్మా అని కసిరింది, ఆ కసురు కూడా అక్షరం అక్షరం వినబడింది. చెవిలో మందు దూది పెట్టి ఇంటికి పంపారు. అమ్మ నా చెవిలో ఆ దూది చూసి ముఖం పక్కకు తిప్పుకుని లోపలికి వెళ్లింది. అప్పుడు ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు.

దూది తీశాక నేను మొదట విన్నది మా ఫ్రిజ్‌ను. అది మోగుతుందని నాకు తెలియనే తెలియదు. స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు కిటికీ ఊచలు గుర్రుమంటాయి. ఇంత మోత మధ్య మనుషులు ఎట్లా నిద్రపోతున్నారో అనిపించింది. డాక్టరమ్మ సరే అన్నాక స్టీరియో పెట్టాను, నాబ్ నేను వదిలిన చోటే ఉంది. మొదటి దెబ్బకే ఉలిక్కిపడి బంద్ చేశాను. ఇదా మా ఆయన ఇన్నాళ్లూ విన్నది. ఇదా ఖాలా మంచం కింద ప్రతి సాయంత్రం మోగింది. సిగ్గుతో వాళ్లింటికి వెళ్లాను. ఆమె కొడుకులు ఎన్నోసార్లు వచ్చి అడగబోతే తానే ఆపిందట. అమ్మకు పాటలంటే ఎంత ఇష్టమో తనకు తెలుసని, నాకూ అదే దారి పడుతుందేమోనని తాను ముందే అనుమానపడ్డానని చెప్పింది. ముందే ఎందుకు చెప్పలేదని అడగలేకపోయాను.

డబ్బాను ఆ గోడ దగ్గర్నుంచి తీసేసి, ఎడమ స్పీకర్‌కూ బట్టల అల్మారాకూ మధ్య పెట్టాం. మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాం. ఆయన నాబ్ దగ్గర, నేను దివాన్ మీద. స్విచ్ అటు వేస్తే ఢోలక్ బక్కచిక్కింది, ఇటు వేస్తే ఒళ్లు చేసింది. ఈసారి ముఖం పెట్టాల్సిన అవసరం రాలేదు. ఆయన తగ్గిస్తూ పోయాడు, నేను ఇంకా తగ్గించు అంటూ పోయాను. చాలు అన్నది ఇద్దరం ఒకేసారి. అప్పటికి ఆ నాబ్ దాదాపు మొదట్లోనే ఉంది. బంద్ చేసి చూస్తే ఎడమచేయి పోయింది, వేస్తే డబ్బా ఎక్కడుందో తెలియకుండా పాట నిలబడింది. సంసారంలో ఇద్దరికీ ఒక విషయం కుదిరిందని ఆయన అన్నాడు. నవ్వు వచ్చింది గానీ ఎక్కువసేపు నవ్వలేకపోయాను, నా ధ్యాస లోపలి గదిలో ఉన్న అమ్మ మీద ఉంది.

అమ్మకు కూడా పరీక్ష చేయించాం. ఆమెదీ అదే. అయితే ఇన్నేళ్లలో నరం కూడా బలహీనపడిందని, ఈ వయసులో ఆపరేషన్ వద్దని, చెవి మెషీన్ ఇచ్చారు. ఆమెకు అది నచ్చలేదు, కీచుమంటుందని తీసి దిండు కింద పెట్టేస్తుంది. ఒక ఆదివారం మాత్రం బతిమాలి పెట్టించి, దివాన్ మీద నా పక్కన కూర్చోబెట్టుకుని ఢోలక్ పాట పెట్టాను. ఆమె కదలకుండా విన్నది. కాసేపటికి ఆమె చేయి ఒడిలో తాళం వేయడం చూశాను. పాట తగ్గించి, మెషీన్ దగ్గర నోరు పెట్టి, ఇన్ని రోజులుగా చెప్పాలనుకున్నది చెప్పాను. నీ చెవులు దూది వల్ల పోలేదమ్మా, డాక్టరమ్మ చెప్పింది, నాకొచ్చిందే నీకూ వచ్చింది, నువ్వు దూది తీసినా తీయకపోయినా వచ్చేదే అన్నాను.

అమ్మ తాళం వేయడం ఆపింది.

"నేను తియ్యలే బిడ్డా," అంది. "ఒక్కనాడు గూడ తియ్యలే. దూది తియ్యకుండ పాట ఎట్ల ఇనాలె అని గోడకు తల ఆనిచ్చిన. మస్తు మంచిగ ఇనబడ్డది. తాళమేసుకుంట కూసున్న. మీ నాయనమ్మ సూసి, తాళమేస్తున్నదంటె దూది తీసినట్టే అన్నది."

మరి వాళ్లకు చెప్పలేదా అని అడిగాను.

"చెప్పిన. మీ నాయనకు గూడ చెప్పిన. గోడల నుంచి పాట ఎట్ల వస్తదే అన్నడు."

ఆమె గొంతులో కోపం లేదు. అది ఉండి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. గోడలోంచి పాట ఎలా వస్తుందో ఈ ఇంట్లో ఆమె తర్వాత తెలుసుకున్నది నేనొక్కదాన్నే, అది కూడా చెవులు పోయేదాకా వచ్చాక. నాన్నా నాయనమ్మా ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆమె తరఫున ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పను? ఆమె చేయి పట్టుకుని ఏడ్చాను. అమ్మ మాత్రం చాప మీద బొమ్మలకు రంగులు వేస్తున్న పాపను చూస్తోంది.

"దీనికి గూడ వస్తదా?" అని అడిగింది.

రావచ్చు, రాకపోవచ్చు అన్నాను. అమ్మ తల ఊపి, మెషీన్ తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"దీని కాన్పుకు నేనుండ. చెవులల్ల దూది పెట్టుర్రి, చలిగాలి మంచిది గాదు. గాని చెవులు పోతే మాత్రం దాన్ని అనకుర్రి."

అనము అని చెప్పాను. మెషీన్ ఆమె చేతిలోనే ఉంది, నా గొంతు మెల్లగా వచ్చిందేమోనని చెవి దగ్గరికి వంగి మళ్లీ గట్టిగా చెప్పాను.